కార్మొజీనా నిచ్చెన

ఆ పలక చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. ద్రాక్షకోత పండుగకని మా ఊరి హాలు గోడకు ఒక నిచ్చెన తగిలించి, కింద "తమ్మారో నిచ్చెన" అని రాశారు. అది తమ్మారోది కాదు, అతని భార్య కార్మొజీనాది. పక్కింటిదాన్ని, ఏటా కింద నిలబడి బుట్టలు అందుకున్నదాన్ని, నాకు తెలియదా?

ఇటలీలో మా అవెర్సా వైపు అస్ప్రీనియో ద్రాక్ష పందిరి మీద పాకదు. పోప్లార్ చెట్టును పట్టుకుని మేడంత ఎత్తుకు పోతుంది. కోసేవాడు నిచ్చెన మెట్ల మధ్య మోకాలు బిగించి, రెండు చేతులూ వదిలేసి కోయాలి. అందుకే ఎవరి కాలి కొలతకు వాళ్ల నిచ్చెన.

తమ్మారో జ్వరంతో చనిపోయిన ఏడాది పంట చెట్లమీదే ఉంది. అతని అన్న ఎలిసేయో గొడ్డలితో వచ్చాడు.

"ఎక్కడానికి మగాడేడమ్మా? చెట్లు కొట్టేసి గేదెలకి మొక్కజొన్న వేద్దాం."

"నేనెక్కుతా బావగారూ," అంది కార్మొజీనా.

నిచ్చెనలు చేసే బియాజో దగ్గరికి వెళ్తే, "ఆడదాని కాలు కొలిచి ఊళ్లో తలెత్తుకు తిరగనా?" అని మొహానే తలుపేశాడు. ఎంత పొగరు! మొగుడు వదిలిపోయిన నిచ్చెన మెట్లు ఊడగొట్టి, తన మోకాలికి సరిపడా దగ్గరదగ్గరగా తనే బిగించుకుంది. కోళ్ల నిచ్చెన అని ఊరంతా నవ్వింది. ఆ చెట్లు మాత్రం నిలిచాయి. జుట్టు నెరిసేదాకా ఏటా ఆమే ఎక్కింది. ఆ పుల్లటి తెల్ల వైన్ తాగి లొట్టలేసినవాళ్లు ఆ నవ్వినవాళ్లే.

ఎలిసేయో కొడుకు ఒరోంజోయే ఇప్పుడు పండుగ పెద్ద. పట్టుకుని అడిగాను.

"నిచ్చెనంటే మగాళ్లదేగా పిన్నీ, ఎందుకీ రాద్ధాంతం?"

"అయితే ఎక్కు నాయనా. మీ తమ్మారో బాబాయంత పొడుగున్నావుగా!"

అందరూ చూస్తుండగా ఎక్కాడు. రెండో మెట్టు దగ్గర మోకాలు ఇరుక్కుపోయింది.

"పిన్నీ, లాగు!"

"మగాళ్లదేగా, నువ్వే దిగు."

మర్నాడు పలక మార్చారు. "తమ్మారో భార్య నిచ్చెన" అని ఉంది. అన్నేళ్లు చెట్టెక్కినదానికి పేరుండదా? ఇంటికెళ్లి ద్రాక్ష కోసే మడతకత్తి తెచ్చి, నిచ్చెన కర్ర మీదే లోతుగా చెక్కాను: కార్మొజీనా.

ఒరోంజో పరుగెత్తుకొచ్చాడు. "బంగారంలాంటి నిచ్చెన పాడు చేశావు కదే పిన్నీ!"

"పాడు చేసింది నేనట్రా?" అన్నాను, కత్తి మడవకుండానే.