ఆరో ఛాంబర్ మూత

ఫాదర్ దీవెన నీళ్ల కుంచె విదిలించినప్పుడు మూడు చుక్కలు ఛాంబర్ లోపల పడ్డాయి. అల్దోనా లెక్కపెట్టింది. ఆ షెడ్డులో ఉన్న ఇరవై ఇద్దరిలో ఇంకెవరూ చూసినట్టు లేరు. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. ఆమె కూడా వంచుకోవలసిందే కానీ, ఆ తెరిచి ఉన్న స్టీలు నోటి మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

మూత తీసింది మేస్త్రి జెనోన్. గని మనుషుల్ని కాపాడే సెయింట్ బార్బరా పండగ కదా అని, గనిలో పనిచేసిన తండ్రి నల్లకోటు వేసుకుని, ఈకల టోపీ పెట్టుకుని వచ్చాడు. ఫాదర్ గుమ్మంలో అడుగు పెట్టగానే, "ఇంత చేసింది ఈ ప్లాస్టిక్ మూత మీద దీవెన చల్లించుకోడానికా?" అని నాలుగు మరలూ విప్పి, మూత ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు. అల్దోనా అతనికి నాలుగడుగుల దూరంలో ఉంది. ఏదో అనబోయింది. అప్పటికే ప్రార్థన మొదలైంది. నోరు మూసుకుని శిలువ గుర్తు వేసుకుంది.

ఆ దీవెన నీళ్లలో చిటికెడు ఉప్పు వేస్తారు. చిన్నప్పటినుంచీ ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా ఉండే నీళ్లే అవి. రుచి కూడా ఆమెకు తెలుసు.

అల్దోనాకు యాభై నాలుగేళ్లు. పట్టణంలో ఆమెను ఇనుము కడిగే ఆవిడ అంటారు. అంతకుముందు పదకొండేళ్లు పాల ఫ్యాక్టరీలో గొట్టాలు కడిగింది. అది మూతపడ్డాక, ఒకప్పుడు గనికి రిపేరు షెడ్డుగా ఉన్న ఈ వర్క్‌షాపులో చేరింది. ఇక్కడ పంతొమ్మిదేళ్లు. ఈ పంతొమ్మిదేళ్లలో పనిరోజున చేతికి క్రీము రాసుకోలేదు, సెంటు పూసుకోలేదు, పెళ్లి ఉంగరం పెట్టుకోలేదు. వేలిముద్ర పడితే చాలు, గాలి మొత్తం లాగేసిన ఛాంబర్ లోపల ఆ కాస్త జిడ్డు నెలల తరబడి ఆవిరి కక్కుతూనే ఉంటుంది. ఆమె కడిగి, పరీక్షించి, కాగితం మీద సంతకం పెట్టాకే ఏ వస్తువైనా గేటు దాటుతుంది. దేనికైనా మూత తీయాలన్నా, వేయాలన్నా ఆమెను అడగాలి. అది రూలు.

ఈ ఛాంబర్లు పోతున్నది ఉత్తరాన, పదమూడు దేశాలు కలిసి కడుతున్న పరిశోధనా కేంద్రానికి. తన వాటాలో చాలా భాగాన్ని పోలెండు డబ్బుగా కాక వస్తువులుగా ఇస్తానని ఒప్పుకుంది. ఆ వస్తువుల్లో ఆరు ఛాంబర్లు ఈ షెడ్డువి. అయిదు వెళ్లిపోయాయి. ఇది ఆరోది. ఈ ఏడాది ముగిసేలోపు చేరితే తర్వాతి పన్నెండూ ఇక్కడే చేయిస్తారు, లేకపోతే మరో దేశానికి వెళ్లిపోతాయి. కుదుపులు తగలకుండా మోసే లారీ రెండింటికి వస్తుంది. అది మళ్లీ దొరికేది జనవరిలోనే. కొలతలన్నీ నిన్ననే సరిచూసి, కేంద్రం తరఫున వచ్చిన ఇంజనీరు ఆఫీసు గదిలో కూర్చుని ఉంది. మిగిలింది ఒక్క కాగితం. దాని మీద పడాల్సింది అల్దోనా సంతకం.

అందరూ భోజనాల గదికి కదిలారు. రక్తమూ బార్లీ కూరిన సాసేజీల వాసన షెడ్డులోకి వచ్చింది. జెనోన్ మూత మళ్లీ బిగిస్తున్నాడు.

"ఒక్క నిమిషం ఉంచండి మేస్త్రీ గారూ."

"ఏం?"

"లోపల పడ్డాయి."

జెనోన్ ఛాంబర్ వంక కాక ఆమె వంక చూశాడు. "నీకు దేవుడి నీళ్లకి కూడా సర్టిఫికెట్ కావాలేంటి అల్దోనా?"

"అందులో ఉప్పుంటుంది."

"చిటికెడు. ఆ బకెట్టులో చిటికెడు. అందులోంచి మూడు చుక్కలు."

మూడు అని అతను అనడంతో ఆమెకు అర్థమైంది. అతనూ చూశాడు.

"తుడిచి చూస్తాను. ఏమీ లేకపోతే ఇప్పుడే సంతకం పెడతా."

"చూడు, చూడు. పాల ఫ్యాక్టరీ దానివి, వాసన చూడకుండా పెళ్లికొడుకునైనా ఒప్పుకొని ఉండవు." నవ్వబోయాడు. టోపీ మీద ఈకలు కదిలాయి గానీ నవ్వు రాలేదు.

ఆమె తెల్లదుస్తులు వేసుకుని, రెండు జతల గ్లౌజులు తొడుక్కుని, పొడవాటి కడ్డీకి తడి గుడ్డ చుట్టి ఛాంబర్ అడుగున, వెల్డింగు గీత వెంట మెల్లగా లాగింది. ఆ గుడ్డను శుద్ధమైన నీళ్లలో పిండి, గాజుగొట్టంలో పోసి, సిల్వర్ నైట్రేట్ ఒక చుక్క వేసింది. ఉప్పు లేకపోతే నీళ్లు నీళ్లలాగే ఉండాలి. ఆ చుక్క కిందికి దిగుతూ పొగలా విడిపోయింది. గొట్టం అంతా తెల్లబడింది. పాల క్యాను మొదటిసారి కడిగినప్పుడు వచ్చే నీళ్ల రంగు అది.

ఇంకో గుడ్డతో మళ్లీ చేసింది. మళ్లీ తెల్లబడింది.

గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది. ఆమె గాజుగొట్టం పట్టుకుని భోజనాల గది తలుపు దాకా వెళ్లి, లోపలికి వెళ్లకుండా జెనోన్‌ను కళ్లతోనే పిలిచింది. అతను మూతి తుడుచుకుంటూ వచ్చి గొట్టాన్ని వెలుతురుకెత్తి చూశాడు.

"ఇదేమవుతుంది?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇవాళేం కాదు. ఏడేళ్లకో పదేళ్లకో ఉప్పు స్టీలును తినేసి ఆ గీత వెంట సూదిబెజ్జం పడుతుంది. అప్పటికి దాని చుట్టూ రెండు మీటర్ల కాంక్రీటుంటుంది. రేడియేషన్ వల్ల దాని దగ్గరికి మనిషి పోకూడదు."

"పడొచ్చు అను. పడుతుందని ఎలా చెప్తావు?"

"పడదని రాసి సంతకం పెట్టమంటున్నారు కదా నన్ను. అదెలా చెప్పను?"

జెనోన్ గోడకి ఆనుకున్నాడు. మార్చిలో అతను రిటైరవుతాడు. కిందటేడు గుండె ఆపరేషన్ అయినప్పుడు, ఆరోది పూర్తయ్యేదాకా బతికుంటే దీవెన చేయిస్తానని మొక్కుకున్నాడు. ఆ సంగతి అందరికీ తెలుసు.

"సరే. మంచు చెమ్మ చేరిందని రాయి. కడుగుదాం. లారీ పోతే పోయింది, వాతావరణం అంటే గడువు పెంచుతారు."

"మంచు చెమ్మలో ఉప్పెక్కడిది?"

"అయితే ఏం రాస్తావు? ఆ కాగితం పదమూడు దేశాల వాళ్లూ చదువుతారు. పోలెండు వాళ్లు యంత్రం మీద దీవెన నీళ్లు చల్లారని భోజనాల దగ్గర చెప్పుకుని నవ్వుతారు. లోపలున్న వాళ్లకి పన్నెండు ఛాంబర్ల పని పోతుంది. నా పేరు చెప్పుకుని." గొంతు పెంచలేదు. "నీకు నామీద ఏమైనా ఉంటే ఇన్నేళ్లలో ఎప్పుడో చెప్పాల్సింది."

"మీమీద ఏం లేదు. నేను అక్కడే ఉన్నాను. చూశాను. ఊరుకున్నాను."

అతను గాజుగొట్టం ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయాడు. తలుపు మూసుకుంది. లోపల ఎవరో గని పాట ఎత్తుకున్నారు.

ఆఫీసు గదిలో ఉన్న ఇంజనీరు మారెట్‌ది ఎస్తోనియా. ఆమెకు పోలిష్ రాదు, అల్దోనాకు ఇంగ్లీషు రాదు. ఇద్దరికీ వచ్చిన ఒకే భాష చిన్నప్పుడు బడిలో బలవంతాన నేర్పిన రష్యన్. నిన్నంతా ఇద్దరూ అందులోనే, అవసరమైన మేరకే మాట్లాడుకున్నారు. అల్దోనా గాజుగొట్టం బల్ల మీద నిలబెట్టింది. కాగితం దాని పక్కన పెట్టింది. సంతకం చోటు ఖాళీగా ఉంది.

మారెట్ గొట్టాన్ని చాలాసేపు చూసింది. "ఎక్కడిది?"

"లోపలిది. అడుగున, గీత మీద."

"ఎలా?"

అల్దోనా చెప్పింది. ఎలా చల్లారో చేత్తో చూపించింది. మారెట్ నవ్వలేదు.

"సంతకం పెట్టి తెచ్చి ఉంటే నేను తీసుకుని వెళ్లిపోయేదాన్ని," అంది.

"తెలుసు."

"కడగడానికి, ఆరబెట్టడానికి, మళ్లీ పరీక్షకి?"

"అయిదు రోజులు."

"లారీని పంపించేస్తాను. తర్వాతి పని నా చేతిలో లేదు. ఆలస్యమని రాస్తాను. ఎందుకో మీరు రాయండి. రెండూ చదువుతారు." ఇంకో ఫారం తీసి ఆమె ముందుకు జరిపింది.

అల్దోనా పోలిష్‌లోనే రాసింది. మేస్త్రి మూత తీశారు. దీవెన నీళ్లు లోపల పడ్డాయి, అందులో ఉప్పుంది. మూతల బాధ్యత నాది. తీస్తుంటే చూశాను, ఆపలేదు. కింద సంతకం పెట్టింది.

తలుపు దగ్గర చప్పుడైంది. జెనోన్ వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. బల్ల దగ్గరకొచ్చి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఫారం చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"మేస్త్రి అంటే ఎవరు?" అన్నాడు. "ఈ దేశంలో ఎన్ని వేలమంది మేస్త్రులున్నారో తెలుసా నీకు?"

అల్దోనా చేతిలోంచి కలం తీసుకున్నాడు. మేస్త్రి అన్న మాట పైన జెనోన్ కొత్సూర్ అని, బడిపిల్లాడిలా ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాసి, కలం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

రెండింటికి లారీ వచ్చింది. డ్రైవరుకి ఒక పళ్లెం సాసేజీలు పెట్టి ఖాళీగా పంపేశారు. భోజనాల గదిలో పాట ఆగిపోయింది. అల్దోనా కిటికీ ముందు నుంచి నడిచి వెళ్తుంటే మాటలు కూడా ఆగాయి. వెల్డింగు చేసే వాళ్లలో ఒకడు మాత్రం ఆమెకు వినపడేలా, "పండగ బోనస్ కూడా కడిగేసింది," అన్నాడు. ఆమె నడక ఆపలేదు.

ఛాంబర్‌ను చక్రాల బండి మీద కడిగే గదిలోకి తోసుకెళ్లి, ఒక పక్కకి వాల్చి, శుద్ధమైన నీళ్ల గొట్టం తగిలించింది. అడుగున నీళ్లు బయటికి పోయే తూము విప్పబోతుంటే గోడకున్న చిన్న కిటికీ మీద ఎవరో వేలితో కొట్టారు. జెనోన్. టోపీ లేదు. చేతిలో కొత్త బకెట్టు ఉంది.

"మొదటి కడుగు నీళ్లు ఎక్కడికి పోతాయి?"

"మురిక్కాలవలోకి."

"ఇవి అలా పోకూడదు."

అల్దోనా తూము మీంచి చేయి తీసింది. చిన్నప్పుడు అమ్మ కూడా దీవెన నీళ్లు పాతబడితే కాలవలో కాక తోటలో, మట్టిలో పోసేది. కిటికీ తెరిచి బకెట్టు అందుకుంది. తూము కింద పెట్టి విప్పింది.

బకెట్టు నిండాక కిటికీలోంచి అందించింది. అతను రెండు చేతులా పట్టుకుని, ఒలకకుండా చిన్న చిన్న అడుగులు వేస్తూ ఆవరణ దాటాడు. గేటు పక్కన సెయింట్ బార్బరా బొమ్మ కింద నేల గడ్డకట్టి ఉంది. ఒకేసారి పోస్తే దారి మీదికి పారుతుందని, మోకాళ్ల మీద కూర్చుని కొంచెం కొంచెంగా వంచాడు. నల్లకోటు మోకాళ్ల దగ్గర తడిసింది. నీళ్లు ఇంకేదాకా కూర్చున్నాడు.

అతను తిరిగొచ్చేసరికి అల్దోనా మళ్లీ గుడ్డ పిండి చుక్క వేసి ఉంది. గొట్టాన్ని కిటికీ అద్దం దగ్గర అతనికి కనపడేలా పట్టుకుంది. తెలుపు తగ్గింది. పోలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"ఇంకో బకెట్టు పట్టండి."