అమ్మ పాత అత్త

యుద్ధానికి ముందు మాట. కులపెద్దల ఎదుట అమ్మా నాయనా విడిపోయారు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని కమలాపురంలో మారుమనువు చేసుకుంది. అక్కడ నాకొక చెల్లెలు పుట్టింది. మూడోరోజు పొద్దున మా జేజి, అంటే నాయన తల్లి, ఆమడ దూరం నడిచి ఆముదం బుడ్డితో గడపలో నిలబడింది. అక్కడికి పోతే మళ్లీ తన ఇంటికి రావద్దని నాయన ఆమెతో అన్నాడట. అయినా వచ్చింది.

మారుతండ్రి తడబడ్డాడు. "నువ్వు ఈడికి రావచ్చునామ్మా?"

"తెగదెంపులు నా కొడుకుతో అయినాయి, నాతో కాదప్పా."

కాళ్లు చాపి కూర్చుని, పసిదాన్ని వాటిమీద పడుకోబెట్టి నీళ్లు పోయసాగింది. ఆ కాళ్లు నాకొక్కదానికే అనుకునేదాన్ని.

"జేజీ, ఈ పాప నీకేమైతాది?" అన్నాను ఏడుపుగొంతుతో.

ఆమె చెయ్యి ఆగింది. మంచంలోంచి అమ్మ తల తిప్పి చూసింది.

"ఏమోమ్మా, నాకూ తెలీడంలే. చన్నీళ్లు తే, ఇవి కాలుతాండాయి."

నెల తర్వాత నాయనే వచ్చి, లోపలికి రాకుండా బయటే నిలబడి జేజిని తీసుకుపోయాడు. ఆ తర్వాత కూడా ఏటా వచ్చేది, మా ఇద్దరి కోసం.

జేజి చనిపోయినప్పుడు చెల్లెలు నాకంటే ఎక్కువ ఏడ్చింది. నేను దాన్ని ఓదార్చాలో, అది నన్ను ఓదార్చాలో నాకు తెలియలేదు.