వెనక గది కందిరీగలు

పదకొండేళ్లుగా కోళ్లు కోస్తున్నాను. మడికొండలో, మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే దారిలో మాకో చికెన్ సెంటర్ ఉంది. కోయడం, కడగడం, ముక్కలు కొట్టడం నా పని. ఫంక్షన్ హాళ్లకూ హోటళ్లకూ బండి మీద చేరవేయడం మా ఆయన పని. పేగులు చేత్తో లాగి బకెట్లో వేసి, ఆ చెయ్యే కడుక్కుని అన్నం తినేదాన్ని. షాపు ముందు ముక్కు మూసుకుని నిలబడేవాళ్లను చూస్తే నవ్వొచ్చేది. రోత అనేది నాకు లేదనే అనుకున్నాను. అది నిజం కాదని ఒక వానకాలంలో తెలిసింది.

షాపు వెనకే మా ఇల్లు. మొదట రెండు గదులే ఉండేవి. మామ పోయి, అత్తమ్మ మా దగ్గరికి వచ్చాక వెనక ఇంకో గది వేశాం. ఏసీ పెట్టిద్దామని మోజుపడి ఆ గదికి స్లాబు కింద సందు వదిలి అట్టల సీలింగ్ చేయించాను. పైపు కోసం ఆ సీలింగ్‌కు పైన గోడకు పిడికిలి పట్టేంత కన్నం కూడా పెట్టించాను. ఏసీ రాలేదు. కన్నం అట్లాగే ఉండిపోయింది. ఆ గదిలో అత్తమ్మ మంచం వేసుకుంది.

కందిరీగలు షాపుకు ప్రతి ఏడూ వచ్చేవి. ఆ ఏడు మరీ ఎక్కువ వచ్చాయి. ఎర్రమట్టి రంగు ఒళ్లు, పొట్ట మీద పసుపు పట్టీ, చిటికెన వేలిలో సగం పొడవు. ఈగల్లా వాలి నాకి పోయే రకం కాదు. ముక్కలు కొట్టే మొద్దు అంచున కూర్చుని, మాంసాన్ని మూతితో కత్తిరించి, ఆ తునకను ముందుకాళ్లతో తిప్పి తిప్పి నమిలి ఉండ చేసి ఎత్తుకుపోయేవి. బరువుకు ఉండ జారి నేల మీద పడితే మళ్లీ వచ్చి, దుమ్ముతో సహా తీసుకునేవి. తడిగుడ్డతో కొట్టి తోలేదాన్ని. వాటి మూతి అట్లా ఆగకుండా ఆడుతుంటే చూడబుద్ధయ్యేది కాదు. అంతకు మించి పట్టించుకోలేదు. మాంసం ఉన్నచోటికి పురుగు రావడం నాకు కొత్త కాదు.

శ్రావణం వచ్చేసరికి వెనక గదిలో వాసన మొదలైంది. షాపు వాసన నాకు తెలుసు, అది కాదు. కుళ్లిన పుట్టగొడుగులూ, ఆరని బట్టలూ, పాత మూత్రమూ కలిసినట్టు ఉండేది. తలుపు తీయగానే గొంతులోకి దిగేది. నేను అత్తమ్మనే అనుమానించాను. ఆమెకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. బాత్రూంకు పోవడానికి బద్ధకించి ఏమన్నా చేస్తోందేమో అనుకున్నాను. పరుపు ఎండకేశాను. దుప్పట్లు వేడినీళ్లలో నానబెట్టాను. ఫినాయిల్‌తో నేల కడిగాను. వాసన పోలేదు. ఒకరోజు వాకిట్లో పక్కింటామె ఉండగానే అడిగేశాను.

“రోజు మంచిగ తానం చేస్తాన్నవా అత్తమ్మా?”

ఆమె పొద్దున్నే స్నానం చేసి ఉంది, అయినా తువ్వాల తీసుకుని మళ్లీ బాత్రూంలోకి పోయింది. ఆ రోజు నుంచి రెండు పూటలా స్నానం చేసింది. తన బట్టలు నన్ను ముట్టనివ్వలేదు. అన్నం పళ్లెం తీసుకుని నాకు దూరంగా, గోడవార కూర్చుని తినేది. నాకు అది తెలుస్తూనే ఉంది. దగ్గరికి రమ్మనలేదు. నిజం చెప్పాలంటే ఆమె అట్లా దూరం జరగడం నాకు హాయిగానే అనిపించింది.

ఆ రోజుల్లోనే సీలింగ్ మీద ఏదో గీరుతోందని మా ఆయనతో రెండుసార్లు చెప్పింది. ఎలుకలు అయ్యుంటాయని ఆయన అన్నాడు. ఎలుక కాదు, అది పరుగెత్తుతుంది, ఇది ఒక్కచోటే గీరుతోంది అంది. ముసలి చెవులని మేమిద్దరం నవ్వుకున్నాం.

తర్వాత సీలింగ్ మీద మరక కనిపించింది. మొదట అరచేయంత, పదిరోజుల్లో పళ్లెమంత. చాయ్ డికాషన్ రంగు, అంచున నల్లటి గీత. స్లాబ్ కారుతోందని మేస్త్రీని పిలిపించి పైన మందు పూయించాం. వారం రోజులు వాన లేదు, అయినా మరక తడిగానే ఉంది. వేలు పెట్టి చూశాను. మెత్తగా, జిగటగా తగిలింది. ఆ వేలు వాసన చూసి మూడుసార్లు సబ్బు పెట్టాను. అయినా ఆ పూట ఎడమ చేత్తోనే అన్నం తిన్నాను.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగిపోయి ఇల్లంతా నిశ్శబ్దమైంది. అత్తమ్మ దుప్పటి తేవడానికి నేను వెనక గదిలోకి పోయినప్పుడు నాకూ వినబడింది. గర్ గర్ గర్ అని, కొద్దిగా ఆగి మళ్లీ గర్ గర్. ఎవరో గోళ్లతో అట్టపెట్టెను లోపలి నుంచి గోకుతున్నట్టు. ఒకటి కాదు, చాలా గోళ్లు. బయటికొచ్చి ఇంటి చుట్టూ తిరిగాను. ఏసీ పైపు కన్నంలోకి కందిరీగలు వరసగా పోతున్నాయి, వస్తున్నాయి. పోయే ప్రతిదాని మూతిలో ఎర్రటి ఉండ. నేను కోసిన మాంసమే. నా మొద్దు మీంచి అత్తమ్మ తల మీదికి మోసుకుపోతున్నాయి.

పొద్దుగూకి అవి లోపలికి చేరాక ఆ కన్నం మూసేద్దామన్నాను. ఎవరినన్నా అడిగి చేద్దామని మా ఆయన అన్నాడు. నాకు ఒక్క పూట కూడా ఆగాలనిపించలేదు. సిమెంటు నేనే కలిపి ఇచ్చాను. ఆయన నిచ్చెనెక్కి కన్నం మూశాడు. లోపల మొత్తుకుని చస్తాయనుకున్నాను. ఆ మాటే అత్తమ్మతో చెప్పి, అదే గదిలో పడుకోమన్నాను.

అవి చావలేదు. బయటికి దారి లేకపోయేసరికి మెత్తబడిన చోట కొరికాయి. పొద్దున నేను షాపులో ఉన్నాను. అత్తమ్మ కేక వినబడింది. పోయేసరికి మరక మధ్యలో రూపాయి బిళ్లంత కన్నం, దాంట్లోంచి ఒకటొకటిగా దిగుతున్నాయి. ఆమె మెడ మీద రెండు, చేతి మీద మూడు కుట్టాయి. దుప్పటి కప్పి బయటికి లాగి తలుపు మూశాను. నన్నూ ఒకటి భుజం మీద కుట్టింది. నిప్పుకణిక లోపల పెట్టి కుట్టేసినట్టుంది. అట్లాంటివి ఐదు ఆమె ఎట్లా ఓర్చుకుందో తెలియదు. దవాఖానకు చేరేలోపు ఆమె పెదాలు ఉబ్బాయి, ఊపిరి ఈల వేసినట్టు వచ్చింది. సూదిమందు ఇచ్చి, ఆ రోజూ మరునాడూ ఉంచుకున్నారు. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరమ్మ చెప్పింది.

కాశిబుగ్గ నుంచి ఒకాయన వచ్చాడు, ఇట్లాంటి కందిరీగల పట్లు తీయడమే ఆయన పని. మందపాటి కోటు, తలకు జాలీ. చీకటి పడుతుండగా సిమెంటు పగలగొట్టి, కన్నంలోకి పొడి కొట్టాడు. ఇంట్లో ఎవరినీ ఉండనివ్వలేదు. మరునాడు పొద్దున సీలింగ్ కోశాడు.

“కన్నం మూసుడే పెద్ద తప్పమ్మా. వాటికి తొవ్వ ఉంటె బయటికే పోతయి, లేకుంటె మీ మీదికే వస్తయి,” అన్నాడు.

కోసిన ముక్క ఊడి పడగానే లోపలున్నదంతా మంచం మీద పడింది. ముందు నల్లటి బురద, జారుతూ, తీగలు సాగుతూ. దాంట్లో చచ్చిన కందిరీగల రెక్కలు, కాళ్లు, ఎండిన మాంసపు ఉండలు, బురద తింటూ కదిలే సన్నటి తెల్ల పురుగులు. ఆ తర్వాత పట్టు పడింది. బూడిదరంగు అట్టతో చేసిన అరలు, నాలుగు అంతస్తులు. అరల్లో తలకిందులుగా లావుపాటి పిల్లపురుగులు. కొన్ని ఇంకా చావలేదు. గోధుమరంగు తలలు తిప్పుతూ అర గోడలను గీరుతున్నాయి. గర్ గర్ గర్.

ఆకలైతే అట్లా గీరుతాయని ఆయన చెప్పాడు. పెద్ద కందిరీగలు మాంసం మింగలేవట, నడుము అంత సన్నం. నమిలి పిల్లలకు పెడతాయి, పిల్లల నోట్లోంచి ఊరే రసాన్ని అవి తాగుతాయి. పిల్లల పెంట కింద పేరుకుంటుంది, అదే మీ మరక అన్నాడు. చాలా మామూలుగా చెప్పాడు. నేను వాకిట్లోకి పోయి కక్కుకున్నాను. ఏళ్ల తరబడి పేగులు లాగిన చేతులతో మోకాళ్లు పట్టుకుని, ఏమీ రాకపోయినా కక్కుతూనే ఉన్నాను. ఆ గదిలోనే కదా ఆమెకు అన్నం పెట్టాను అనుకుంటే మళ్లీ వచ్చింది.

మంచం, పరుపు కాల్చేశాం. గోడలు గీకి సున్నం వేయించాం. ఖాళీ అయిన తర్వాతే కన్నం మూసి, కిటికీలకు జాలీ కొట్టించాం.

అత్తమ్మ దవాఖాన నుంచి వచ్చిన నాలుగో రోజు, ముందు గదిలో కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే పోయి పక్కన కూర్చున్నాను. మెల్లగా అన్నాను.

“తప్పు నాది అత్తమ్మా. నీ దగ్గర్నుంచే వాసనొస్తాందనుకున్న.”

ఆమె గింజ తీసి పళ్లెంలో వేసింది.

“నేను గూడ గట్లనే అనుకున్న బిడ్డా. ముసల్దాన్నైన, గలీజు వాసనొస్తాన్న అనుకున్న. ఎంత కడుక్కున్నా పోతలేదని ఏడ్సిన.”

కందిరీగల మీద కలిగిన రోత అప్పుడు నా మీదే కలిగింది. నేనూ గింజలు తీయడం మొదలుపెట్టాను. ఆమె పళ్లెం ఇటు జరిపింది.

ఇప్పుడు ఆమె ముందు గదిలోనే పడుకుంటుంది. షాపులో మాంసం మీద జాలీ మూతలు పెడుతున్నాను, పేగుల బకెట్ పూటపూటకూ ఖాళీ చేయిస్తున్నాను. ఎండాకాలం మొదట్లో ఒక్క రాణి కందిరీగ వచ్చి నిమ్మకాయంత పట్టు మొదలుపెడుతుంది, అప్పుడే తీసేస్తే సరిపోతుందని కాశిబుగ్గ ఆయన చెప్పాడు. పోయిన ఏడు షట్టర్ డబ్బాలో ఒకటి దొరికింది. కర్రతో రాల్చి చెప్పుతో తొక్కాను. లోపల మూడు అరలు, మూడు గుడ్లు. చెప్పు కడుక్కున్నాను, అయినా మళ్లీ దాన్ని తొడగలేదు. వెనక గదిలో ఖాళీ ట్రేలు పెట్టుకుంటాం. అక్కడ ఏ వాసనా లేదని అందరూ అంటారు. నేను మాత్రం ఊపిరి బిగబట్టే లోపలికి పోతాను.