ఐదు రోజులు ఆలస్యంగా వచ్చిన కబురు

ఇచ్చోడలో రోడ్డు పక్కన, టైర్ల దుకాణానికీ మందుల షాపుకీ నడుమ ఇరుక్కున్న చిన్న గదిలో రామచంద్రం ముప్పై రెండేళ్లుగా రేడియోలు బాగుచేస్తున్నాడు. ఇప్పుడు రేడియోలు తెచ్చేవాళ్లు అరుదు. వచ్చేవన్నీ ఫ్యాన్లు, మిక్సీలే. అవీ చేస్తాడు గానీ, ఆయన మనసంతా మూలన పేర్చిన, గాజు వాల్వులతో పాడే పాత రేడియోల మీదే.

వాటిని కోరుకునేవాళ్లు ఇంకా ఉన్నారని కనిపెట్టింది కూతురు నవత. ఫోన్‌లో ఒక వేలం సైటులో తండ్రి పేరు మీద ఖాతా తెరిచింది. ఫొటో పెడితే ఎక్కడెక్కడివాళ్లో పాట పెంచుకుంటూ పోతారు. గడువు తీరగానే సైటు తనంతట తానే కబురు పంపుతుంది, గెలిచినవాళ్లకొకటి, అమ్మినవాళ్లకొకటి. అలా నాలుగు రేడియోలు అమ్ముడుపోయాయి. నాలుగుసార్లూ పది నిమిషాల్లోపే ఫోన్ మోగింది. కొన్నవాళ్లలో ఒకాయన "మా ఇల్లు మళ్లీ పాడుతున్నది" అని రాస్తే, రామచంద్రం ఆ మాట నవత చేత మూడుసార్లు చదివించుకున్నాడు.

ఐదోది తేనెరంగు చెక్కపెట్టె. నిర్మల్‌లో ఒక పంతులుగారి అటక మీద దొరికింది. మూడు నెలలు కూర్చుని దానికి ప్రాణం పోశాడు. ఆదివారం మధ్యాహ్నంతో వేలం గడువు తీరింది. ఫోన్ మోగలేదు. సోమవారం నవత సైటు తెరిచి చూసింది. 'వేలం ముగిసింది' అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ లేదు.

"ఎవ్వలు కొననట్టుంది బాపు."

"పోనీ తియ్. మల్లెప్పుడన్న పెడుదాం," అన్నాడు గానీ, ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మంగళవారం గంగుబాయి వచ్చింది. పక్క ఊళ్లో ఒంటరిగా ఉండే మరాఠీ ముసలామె; తోబుట్టువు అన్న అర్థంలో ఆయన్ని 'భావూ' అని పిలుస్తుంది. తన వాల్వు రేడియోను పాత చీరలో మూటగట్టి తెచ్చింది.

"భావూ, ఇది మొత్తానికే బందైంది, నాగ్‌పూర్ స్టేషన్ వస్తలేదు. పొద్దుగాల గా పాటలు ఇనకుంటే నాకు తెల్లారినట్టే అనిపియ్యది."

విప్పి చూస్తే లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అలాంటిది ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకదు. కానీ తేనెరంగు పెట్టెదీ అదే కంపెనీ. రామచంద్రం దానివైపు ఒకసారి చూశాడు. గంగుబాయి వైపు చూశాడు. ఎవరికీ అక్కర్లేని పెట్టె మూలన ఉండి ఏం చేస్తుందనుకుని, దాన్ని విప్పి ట్రాన్స్‌ఫార్మర్‌తో పాటు రెండు వాల్వులు కూడా తీసి ఆమె రేడియోలో వేశాడు. మరాఠీ పాట వినపడగానే గంగుబాయి రెండు చేతులూ జోడించింది.

శుక్రవారం మధ్యాహ్నం ఫ్యాన్ కాయిల్ చుడుతుంటే ఫోన్ వరసపెట్టి మోగింది. మొదటి కబురు: అభినందనలు, మీ రేడియోను కరీంనగర్‌కు చెందిన మమతారాణి గెలుచుకున్నారు, మూడు రోజుల్లో పంపండి. కింద ఆమె చిరునామా. దాని వెనకే ఆమె రాసినవి. సోమవారంది: 'రేడియో ఎప్పుడు పంపుతారు? మా బాపు ఎదురుచూస్తున్నాడు.' బుధవారంది: 'జవాబన్నా ఇవ్వండి.' గురువారం అందరికీ కనపడేలా పెట్టింది: 'మోసగాడు. ఇతని దగ్గర కొనకండి.' చివరగా సైటు నుంచి: గడువు దాటింది కాబట్టి అమ్మకం రద్దు, ఖాతా నిలిపివేత. ఐదు రోజుల సంగతులు ఒక్క నిమిషంలో వచ్చి పడ్డాయి.

కబుర్లన్నీ ఆలస్యంగా వచ్చాయని నవత వెంటనే సైటు కంపెనీకి రాసింది. 'మీ ఫిర్యాదు అందింది, మీ సహనానికి ధన్యవాదాలు' అని జవాబొచ్చింది. మళ్లీ రాస్తే మళ్లీ అదే జవాబు.

"అవుతల మనిషే లేడు బాపు. మిషనే మాట్లాడుతున్నది."

రామచంద్రానికి అమ్మకం పోయినందుకు బాధ లేదు. 'మోసగాడు' అన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

మరునాడు పొద్దున్నే గంగుబాయి ఇంటికి వెళ్లాడు. ఆమె రేడియోలో వేసినవి తిరిగి అడగాలనే వెళ్లాడు. ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది, పక్కన పీట మీద రేడియో పాడుతోంది. "మంచిగ పాడుతుంది భావూ, కూసో," అని చాయ్ పెట్టింది. తాగాడు. అడగకుండానే తిరిగొచ్చాడు.

ఆ ఆదివారం ఖాళీ పెట్టెను దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాడు. నిర్మల్‌లో బస్సు మారి, మెట్‌పల్లి మీదుగా కరీంనగర్ చేరేదాకా దాన్ని ఒళ్లోంచి దింపలేదు.

మమతారాణి బడి టీచరు. పేరు చెప్పగానే ఆమె మొహం బిగుసుకుంది.

"మూడుసార్లు రాసిన. ఒక్కదానికన్న జవాబియ్యాలె కదా? మా బాపుకు వస్తది వస్తదని రోజు చెప్పుకుంట కూసున్న."

"నాకు మొన్న శుక్రవారమే అచ్చినయ్ మేడం, అన్ని ఒక్కపారి. గప్పటికే దీని లోపలియి తీసి ఇంకో రేడియోల ఏసిన. ఎవ్వలు కొనలేదనుకున్న." ఫోన్ చూపించాడు. ఆమె ఒక్కొక్క కబురు వచ్చిన వేళ చూసి, పక్కకు జరిగి లోపలికి దారిచ్చింది.

లోపలి మంచం మీంచి ఆమె తండ్రి అంతయ్య పిలిచాడు. చూపు పోయిన పాత నేతకార్మికుడు, సాంచెలనే మరమగ్గాల మీద బతికినవాడు. పెట్టెను తడిమి, మీటలు నొక్కి, "గిసొంటిదే మా సాంచెల కాడ ఉండె," అన్నాడు. "పాడదా తమ్మీ?"

"ఇప్పుడు పాడది పెద్దన్నా. సామాను దొరికితే నేనే అచ్చి ఏస్త."

ఆ మాట నమ్మారో లేదో రామచంద్రానికి తెలియలేదు. పెట్టెను అక్కడే వదిలి వచ్చాడు.

ఆదిలాబాద్ పాత సామాన్ల కొట్లన్నీ గాలించాడు. ఏడు వారాలకు ఒక విరిగిన రేడియోలో ట్రాన్స్‌ఫార్మర్ దొరికింది. వాల్వులు తన దగ్గరున్నవే సరిపెట్టాడు. మళ్లీ కరీంనగర్ వెళ్లి, అంతయ్య మంచం పక్కనే కూర్చుని బిగించాడు. పాడింది గానీ, మునుపటంత తేటగా కాదు. వెనకాల సన్నగా ఒక గురగుర. "ఉండనియ్, మా మగ్గాల చప్పుడు తీరు ఉన్నది," అన్నాడు అంతయ్య. రామచంద్రానికి మాత్రం ఆ గురగుర తన తప్పులాగే వినిపించింది.

మమతారాణి తాను రాసింది చెరిపేయాలని చూసింది. గడువు దాటిందని సైటు ఒప్పుకోలేదు. ఖాతా తెరుచుకోలేదు, 'మోసగాడు' అన్న మాట అక్కడే ఉండిపోయింది.

"నా పేరు మీద ఇంకోటి తెరుస్త బాపు," అంది నవత.

"వద్దు బిడ్డా. నా పేరు మీద మచ్చ పెట్టుకొని, నీ పేరు ఎనుక దాక్కొని అమ్ముడెందుకు?"

ఇంతలో ఎవరో మిక్సీ తెచ్చారు. రామచంద్రం దాన్ని అందుకుని, మూత విప్పి, ఏమైందని అడిగాడు.