ఎండిన చెట్లతో కోత పండుగ చేయించిన మా పెద్దనాయన

నిన్న పొద్దున నేను పాఠాలు చెప్పే స్కూల్లో ప్రేయర్ జరుగుతోంది. తమ్ముడి ఫోన్.

"అక్కా, దావీదు పెద్దనాయన పోయినాడు."

"నోరు మూసుకోరా" అని వాణ్ణే తిట్టాను.

మొన్న ఆదివారమే కదా నాతో మాట్లాడాడు! ఈసారి చేన్లో శెనక్కాయ బాగా పట్టింది, వచ్చి ఉడకబెట్టుకొని తినుపో అన్నాడు. అట్లాంటి మనిషి ఎలా పోతాడు?

వాడు ఏడ్చాక గానీ నమ్మలేదు.

ఉరవకొండ నుంచి మా ఊరికి బస్సులో వస్తున్నంతసేపూ కోపమే. ఎవరి మీదో తెలియదు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. ఆయన మా నాన్నకు అన్న. యాడికి దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో పని. తొంభైల చివర్లో రిటైర్ అయ్యాడు. డ్యూటీ నుంచి వస్తే కనురెప్పలు కూడా బూడిద రంగు. పెద్దమ్మ వాకిట్లోనే ఆపి, తలమీద బిందెడు నీళ్లు పోసి గానీ ఇంట్లోకి రానిచ్చేది కాదు.

ఆదివారం పొద్దున షిఫ్ట్ మాత్రం చచ్చినా చేయడు. చర్చి ఉంది కదా! దానికి బదులు ఉగాదికి, దసరాకి, రంజాన్‌కి అందరి డ్యూటీలూ ఆయనే చేసేవాడు. "మీ పండగ మీరు చేసుకోండప్పా, నా ఆదివారం నాకిడ్సండి" అనేవాడు. సెక్షన్‌లో ఎవరూ ఆ మాట కాదనలేదు.

రిటైర్ అయ్యాక తాత వదిలిన మెట్ట చేను పట్టుకున్నాడు.

ఇంక ఆ కరువు ఏడు సంగతి చెప్పాలి. ఇది చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే.

మా చర్చిలో ఏటా కోత పండుగ. ఎవరికి పండిన పంట వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటికి వేలం, ఆ డబ్బు చర్చికి. నవ్వులు, అరుపులు, అదొక పెద్ద సందడి.

ఆ ఏడు వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టే టైమ్‌కి చినుకు లేదు. చెట్టు పీకితే కింద ఒక్క కాయ లేదు. జనం చర్చికి రావడమే మానేశారు. భక్తి పోయి కాదు. వట్టి చేతులతో రావడానికి సిగ్గు. సగం ఇళ్లు బెంగళూరు పనులకు మూటలు కట్టుకుంటున్నాయి. ఇట్లాగే పోతే చర్చికి తాళం పడుతుందని పాస్టరయ్యగారికి దిగులు. పెద్దలంతా కూర్చుని ఈసారి కోత పండుగ వద్దనుకున్నారు.

పెద్దనాయన లేచాడు.

"పండినప్పుడేనా పండగ? ఎండినప్పుడు దేవుడు ఊరిడ్సిపెట్టి పోయినాడా? ఏం పండిందో అది తీసుకొని రాండి. ఏం పండకపోతే ఆ చెట్లే తీసుకొని రాండి."

పెద్దమ్మ తల కొట్టుకుంది. "ఊరంతా నవ్వుతాది, నీకేమన్నా బుద్ధుండాదా?"

ఊరు నవ్వింది కూడా. ఆ ఆదివారం తెల్లచొక్కా వేసుకుని, కడిగిన సిమెంటు సంచి నిండా ఎండిన వేరుశనగ చెట్లు కుక్కుకుని, నెత్తిన పెట్టుకుని నడిబజార్లో నడిచాడు. వెనక నేను, తమ్ముడు.

టీకొట్టు ఓబులేసు గట్టిగా అరిచాడు. "ఏమప్పా దావీదన్నా, మీ దేవుడు గడ్డి తింటాడా?"

"తినడప్పా. మా చేన్లో ఏం పండిందో ఆయప్ప కూడా చూడల్ల కదా!"

చర్చిలో పట్టుమని పదిమంది లేరు. పెద్దనాయన సంచి బలిపీఠం ముందు దించాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆయన ప్రార్థన నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తు.

"అయ్యా, దున్నినాం, విత్తినాం. మా పని మేం చేసినాం. ఇదిగో, చూడు."

అంతే. ఆమెన్ కూడా అనలేదు.

వెనక కూర్చున్న మార్తమ్మవ్వ లేచి ఇంటికి పోయింది. అలిగి పోయిందేమో అనుకున్నాం. ఒక మోపు ఎండుచెట్లు చంకన పెట్టుకుని తిరిగొచ్చింది. ఆమెను చూసి ఇంకొకరు. వాళ్లను చూసి వీధి వీధీ కదిలింది. ఆరాధన అయ్యేసరికి బలిపీఠం కనపడలేదు. చర్చి నిండా జనం. పాస్టరయ్యగారు ప్రసంగం చేయలేక కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డారు.

వేలం పాడే పరిస్థితి ఎవరికీ లేదు. పెద్దనాయనే అన్నాడు, పశువులున్న వాళ్లకు మేతకు పంచేద్దామని. మేత లేక ఊళ్లో ఎడ్లన్నీ సంతకు పోతున్న రోజులవి.

మొదటి మోపు తనే ఎత్తుకుని పోయి టీకొట్టు ముందు దించాడు.

"ఓబులేసూ, మా దేవుడు గడ్డి తినడంట. నీ ఎద్దులకు ఎయ్యి."

ఓబులేసు మోపు విప్పి ఎద్దుల ముందు వేశాడు. ఆ వారం ఎద్దుల్ని సంతకు తోలాలనుకున్నవాడు, తోలలేదు.

ఆ రోజు నుంచి మా చర్చిలో వట్టి చేతులతో రావడానికి ఎవరూ సిగ్గుపడలేదు. వలసపోయిన వాళ్లు కూడా కోత పండుగకు బస్సెక్కి వస్తారు. ఇది మా పెద్దనాయన చేసిన పని. గర్వంగా చెబుతున్నా, వంద మందిలో చెబుతా!

నిన్న సాయంత్రం సమాధి చేశాం. ఫ్యాక్టరీ పాత దోస్తులంతా వచ్చారు. దసరా డ్యూటీల బాకీ తీర్చలేకపోయానని ఒకాయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పెట్టె దించబోతుంటే ఆగమన్నారు ఎవరో. చూస్తే ఓబులేసు. ఇప్పుడు ముసలివాడైపోయాడు. అందరి చేతుల్లో పూలు. ఆయన చేతిలో మాత్రం అప్పుడే పీకిన వేరుశనగ చెట్టు, వేళ్లకు ఎర్రమట్టి, గుత్తులు గుత్తులుగా కాయలు. మా పెద్దనాయన చేన్లోదే.

పెట్టె మీద పెట్టాడు.

"పండిందన్నా. ఇదిగో, చూడు."

ఇంక అక్కడ ఏడవని మనిషి లేడు.

పోయిరా పెద్దనాయనా. ఇంక నీకు షిఫ్టుల్లేవు, దుమ్ము లేదు. నువ్వు నమ్మిన ఆయప్ప పక్కన చల్లగా నిద్రపో.