పొద్దున మింగే గోలి

మోత్కూరు దగ్గరి పల్లె మాది. మా ఆయన గొర్రెల కాపరి. తాగనప్పుడు అంత నెమ్మదైన మనిషి లేడు. కానీ రానురాను తాగని పూటంటూ లేకుండా పోయింది. పొద్దున్నే సారా పడకపోతే చేతులు వణికేవి. ఒకనాడు అలా వణుకుతూనే ఉన్ని కత్తిరించబోయి గొర్రె పొట్ట కోశాడు. అది మా కళ్లముందే చచ్చిపోయింది. చాలాసేపు దాని పక్కనే కూర్చుని, "నన్ను దవాఖానకు తోల్కపోవే" అన్నాడు.

హైదరాబాదు దవాఖానలో వణుకు తగ్గేదాకా ఉంచుకున్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గోలీలిచ్చి, మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"రోజూ పొద్దున ఒకటి. దీని మీద సారా గాని కల్లు గాని తాగితే పానం మీదికొస్తది. ఆయనకు తెల్వకుండ మాత్రం ఎన్నడూ ఇయ్యకమ్మా."

అవి పంతొమ్మిది వందల అరవైల మొదటి రోజులు. అలాంటి మందు ఉంటుందని మా ఊళ్లో ఎవరూ వినలేదు.

కొన్నాళ్లు బుద్ధిగా మింగి, తర్వాత వద్దన్నాడు. అత్త నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది.

"అంబలిల కలిపియ్యి పిల్లా. వానికేం ఎర్క?"

"గోలి సంగతి తెల్వక సారా తాగితే సస్తడత్తా."

ఆమె మొహం తిప్పుకుంది. కోపం కాదు, కొడుకు మీద భయం. నాకూ అదే భయం. అయినా కలపలేదు.

గోలి మానేశాను కదా అన్న ధీమాతో ఆయన చుట్టాల పెళ్లిలో కల్లు తాగాడు. మానేసినా ఆ మందు కొన్నాళ్లు ఒంట్లోనే ఉంటుందని ఆయనకు తెలియదు. మొహం కందిపోయింది, గుండె దడదడలాడింది, వాంతులు చేసుకుంటూ పందిట్లోనే పడిపోయాడు. బండి కట్టి దగ్గర్లోని దవాఖానకు తీసుకుపోతే బతికాడు.

ఇక ఆ గోలి జోలికి పోడనుకున్నాను. తేరుకున్నాక తనే అడిగాడు.

"గోలి ఏదే?"

"భయమైతలేదా?"

"అయితాంది. గని అది లేకుంటే, తాగాల్నా వద్దా అని దినమంత నాతోని నేనే కొట్లాడాలె. మింగితే గా కొట్లాట పొద్దుగాల్నే ఒడుస్తది."

డాక్టరును మళ్లీ అడిగి మొదలుపెట్టాం. తాగని మనిషితో కాపురం నాకు కొత్త. ఆయనతో కలిసి తాగేవాళ్లు పిలవడం మానేశారు. సాయంత్రమైతే ఏం చేయాలో తోచక వాకిట్లో తిరిగేవాడు, ఊరికే విసుక్కునేవాడు. గోలి సారాను ఆపింది కానీ, ఆ పొద్దు ఎలా గడపాలో చెప్పలేదు. మధ్యలో ఒకసారి గోలి మాని దారి తప్పాడు, మళ్లీ దారిన పడ్డాడు. చివరికి ఉన్ని వడుకుతూ నా పక్కన కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. మా ఇద్దరికీ మాటలు దొరకడానికి మాత్రం చాలా కాలం పట్టింది.