డాష్‌బోర్డు వెనక రెండో తాళం

దశరథ్ వైరు తోలు పళ్ళతో ఒలుస్తాడు. ముందు పళ్ళ మధ్య దేవుడు సందు పెట్టింది అందుకేనని చెప్పుకుంటాడు. నిజామాబాదులో లారీల లైట్లు బాగుచేసే కొట్లో పని నేర్చుకుని, ఒక సర్దార్జీ లారీలో ఢిల్లీ వచ్చాడు. లారీ తిరిగి వెళ్ళింది, ఇతను వెళ్ళలేదు. ఇప్పుడు ఢిల్లీలోనే, ద్వారకలో కార్లకు సీటు కవర్లు, స్టీరియోలు, అలారాలు బిగించే దుకాణంలో పెద్ద మిస్త్రీ. అక్కడే నేను బిల్లులు రాస్తాను. కలెక్టరు కావాలని కోచింగుకు కటవారియా సరాయ్‌లో దిగినవాళ్ళంతా కలెక్టర్లు కారు. కొందరు సీటు కవర్ల రంగులు వర్ణిస్తూ బతుకుతారు.

ఆ ఏడు ఎండలకు జనానికి రిమోట్ స్టార్టర్ల పిచ్చి పట్టింది. బాల్కనీలో నిలబడి మీట నొక్కితే కింద బండి దానంతటదే స్టార్టవుతుంది, ఏసీ తిరుగుతుంది. కాలిపోతున్న ఇనుప డబ్బాలో కూర్చోవలసినవాడికి అది చిన్న సుఖం కాదు. పక్క ఫ్లాటువాడు నోరు తెరిచి చూడడం అంతకన్నా పెద్ద సుఖం.

కొత్త బండ్లతో ఒక చిక్కుంది. తాళం తలలో గోరంత చిప్పు ఉంటుంది. దాన్ని గుర్తుపడితేనే ఇంజను నడుస్తుంది, లేకపోతే ఒకసారి దగ్గి ఆగిపోతుంది. మరి ఖాళీ బండిలోకి తాళం ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని యజమాని రెండో తాళం తీసుకుని, దాని చుట్టూ తీగ చుట్టి డాష్‌బోర్డు వెనక దాచేస్తాడు దశరథ్. మీట నొక్కినప్పుడు ఆ చిప్పు బండికి కనిపిస్తుంది.

గేరు సంగతి ఇంకా పెద్ద చిక్కు. ఆ రిమోట్ పెట్టెలు గేర్లు మార్చే పనిలేని పరాయి బండ్ల కోసం చేసినవి. మన బండి గేరులో ఉందో లేదో వాటికి తెలియదు. గేరులో ఉండగా స్టార్టయితే బండి ముందుకు దూకుతుంది. హ్యాండ్‌బ్రేకు కాస్త, నెడితే బండి కదిలేంత వదులుగానైనా, లాగి ఉంటేనే మీట పనిచేసేట్టు దశరథ్ ఒక వైరు కలిపి, మిగతాది ఢిల్లీ అలవాటుకు వదిలేసేవాడు. ఇక్కడ చోటు లేక ఒక బండికి అడ్డంగా ఇంకోటి పెడతారు. లోపలివాడు బయటపడాలంటే అడ్డున్న బండిని నెట్టుకోవాలి. అందుకే గేరులో వదిలి వెళ్ళడమంటే తిట్లు కొని తెచ్చుకోవడం.

పద్మనాభం గారు గుర్గావ్ కంపెనీలో మేనేజరు. తెలుగు మిస్త్రీ ఉన్నాడని వెతుక్కుంటూ వచ్చారు.

"న్యూట్రల్లనే వెడ్తరు గద సార్?" అనడిగాడు దశరథ్.

"ఢిల్లీ వచ్చి ఎన్నేళ్ళయిందయ్యా నాకు! గేరులో పెడితే మా ఫ్లాట్ల సొసైటీవాళ్ళు అద్దాలు పగలగొడతారు."

"మర్చిపోతే దునుకుతది మరి."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా? సాయంత్రం మెట్రో దిగొచ్చి గేటులోకి అడుగుపెట్టగానే నొక్కుతా. చొక్కా మార్చుకుని దిగేసరికి బండి చల్లబడాలి. అంతే."

జేబులోంచి రెండో తాళం తీసిచ్చారు. దానికి సింహాచలం అప్పన్న బిళ్ళ వేలాడుతోంది. దశరథ్ బిళ్ళ ఊడదీసి స్క్రూల డబ్బాలో పడేశాడు. ఆ బిళ్ళ ఎవరిదని మేమిద్దరం అడగలేదు.

కొద్దిరోజుల తర్వాత ఒక సాయంత్రం ఆ బండిలోనే ఒకావిడ దిగింది. పద్మనాభం గారి భార్య, ఉమ గారు.

"నా తాళం ఏదండీ? అప్పన్న బిళ్ళ ఉంటాది. నన్నడక్కుండా ఆయన ఎలా ఇచ్చీసారు, మీరెలా తీసీసుకున్నారు?"

"బండిలోనే ఉందండీ, డాష్‌బోర్డు వెనక," అన్నాను.

"బండిలో ఉంటే నాకేటి లాభం? తలుపు ఊదితే తెరుచుకుంటాదా? ఇవాళే ఆయన తాళం అడుక్కుని బండి తీసాను."

దశరథ్ లోపల షెడ్డులో ఇంకో కారులో తల దూర్చి స్టీరియో మోగించి చూస్తున్నాడు. ఈ మాటలేవీ అతనికి వినపడలేదు. అంతలో బయట కేకలు. ఇద్దరు మనుషులు ఆవిడ బండిని నెడుతున్నారు. అది కదలడం లేదు.

"అరే, యే కిస్‌కీ గాడీ హై? హిల్ నహీ రహీ!"

"గేర్ మే హై, భయ్యా. రుకియే," అంటూ ఉమ గారు బయటికి నడిచింది.

"మేడమ్, యే దిల్లీ హై, మద్రాస్ నహీ!"

"మద్రాసు కాదు, వైజాగ్!" అని వాడికి తెలుగులోనే తగిలించి నావైపు తిరిగింది. "మా ఇల్లు కొండవాలు మీదండీ. గేరులో వెయ్యకుండా దిగితే బండి బీచికి పోద్ది. చేతికి అలవాటైపోయింది." బండి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

దశరథ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాక ఇదంతా తమాషాగా చెప్పాను. అతను నవ్వలేదు.

"ఆమె గూడ నడుపుతదా?"

"ఆవిడే నడుపుతుందేమో. సారు మెట్రోలో వెళ్తాడట."

"సారు జెప్పలే."

"నువ్వు అడగలేదు."

బిల్లు మీద చిరునామా ఉంది గానీ, నంబరు పద్మనాభం గారిదొక్కటే. చేశాను. అందుబాటులో లేడంది. మళ్ళీ చేశాను. మెట్రో ఏ సొరంగంలో ఉందో. ఆయన ఇంటికి చేరే వేళ అదే.

దశరథ్ స్కూటరు తీశాడు. నేను వెనక ఎక్కాను.

"బ్రేకు లాగే ఉంటుంది కదా?" అన్నాను.

"ఒక్క టిక్కు లాగినా నా వైరుకు సాలు. బండిని ఆపనీకి సాలదు."

సొసైటీ గేటు దగ్గర గార్డు ఇంటర్‌కమ్‌లో ఫ్లాటుకు చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఆగమన్నాడు. దశరథ్ స్కూటరు అక్కడే పడేసి లోపలికి పరుగెత్తాడు. వెనక విజిలు, నేను, గార్డు.

బండి పార్కింగులో ఉంది. దాని ముక్కుకు ఎదురుగా పిల్లలు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడుతున్నారు. కీపరు పిల్ల వీపు బంపరుకు ఆనించి గొంతుక్కూర్చుంది.

దశరథ్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. వికెట్లు పీకి, రెండు ముందు టైర్ల కింద కాలితో తన్ని ఇరికించాడు.

"అంకుల్! హమారీ వికెట్!"

"హటో! సబ్ హటో!"

బండి లైట్లు మిణుకుమన్నాయి. గేటు దగ్గర పద్మనాభం గారు మెడలో కంపెనీ కార్డుతో, చెయ్యెత్తి, నవ్వుతూ నిలబడి ఉన్నారు.

బండి ఒక్కసారి ఎగిరింది. ఒక ఇటుక పగిలింది. ఇంజను ఆగింది. నేను ఊపిరి వదిలాను గానీ దశరథ్ వదల్లేదు. ఆ పెట్టె ఒకసారి ఓడిపోతే ఊరుకోదు, మళ్ళీ ప్రయత్నిస్తుంది. రెండోసారి గుర్రుమని దూకి, మిగిలిన ఇటుకను గీరుకుంటూ కదిలి, దాని మీదే నిలిచి చచ్చింది.

"ఆపుండ్రి సార్! మీట ఒత్తి ఆపుండ్రి!"

పద్మనాభం గారు ఆపి, పరుగున వచ్చారు. "నా బండి కింద ఇటుకలు పెట్టిందెవడు?"

ఆ గోలకు ఉమ గారు తడి జుట్టుతో కిందికి వచ్చింది. అద్దంలోంచి గేరు కర్ర చూసింది, తర్వాత ఇటుకను, తర్వాత ఆ పిల్లను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మిమ్మల్ని అడగాల్సుండె అమ్మా," అన్నాడు దశరథ్.

"ఆవిణ్ణెందుకయ్యా అడగడం? బండి నా పేరు మీదుంది," అన్నారు పద్మనాభం గారు. "ఉమా, ఇకనైనా న్యూట్రల్లో పెట్టడం నేర్చుకో."

"మీట నొక్కేముందు మీరు నాకు చెప్పడం నేర్చుకోండి."

దశరథ్ బండిలో వెల్లకిలా పడుకుని డాష్‌బోర్డు కింద చేతులు పెట్టాడు. పట్టకారుతో వైరు కత్తిరించాడు. చివరికి తాళం బయటికి తీశాడు. పద్మనాభం గారు చెయ్యి చాపారు. దశరథ్ ఆ చెయ్యి దాటి తాళం ఉమ గారికి ఇచ్చాడు.

"నా బిళ్ళ?"

"దుకాన్ల ఉన్నది. రేపు తెస్త."

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు నన్ను నడపమన్నాడు. సగం దారిలో వెనకనుంచి, "ఇట్ల ఎన్ని బండ్లకు బిగించినం?" అన్నాడు. బిల్లులు రాసేది నేనే. ప్రతి బిల్లు మీదా ఒకటే నంబరు, మొగుడిది.

మర్నాడు దుకాణం తెరవగానే ఫోన్లు మొదలుపెట్టాం. మొదటి ఆయనతో, "మీ బండి ఇంట్ల ఇంకెవరన్న నడుపుతరా సార్?" అన్నాడు దశరథ్.

"నా బండి నేను కాక ఇంకెవరు నడుపుతారయ్యా?" అన్నాడాయన.

ఆయన వెనక ఎవరో ఆడమనిషి నవ్వడం నాక్కూడా వినిపించింది.